వాల్ట్జ్‌లో ప్రతిసారీ మా ఆవిడ కుడికాలి బొటనవేలే ఎందుకు నలుగుతోంది?

బందరుకాలువ | జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, గవర్నరుపేట. నాకు 51 ఏళ్ళు, మా ఆవిడకు 47. ఎనిమిది నెలలుగా ఇద్దరం వాల్ట్జ్, అంటే మూడేసి లెక్కలకు జంటగా చేసే పాశ్చాత్య నాట్యం, నేర్చుకుంటున్నాం. వారానికి రెండు రోజులు తరగతి, మిగతా రోజుల్లో ఇంట్లోనే సాధన. హాల్లో సోఫాలు గోడకు జరిపితే పన్నెండడుగుల చోటు వస్తుంది.

మొదట నేర్పే ‘పెట్టె’, అంటే నేల మీద చతురస్రం గీసినట్టు ఆరు లెక్కలకు వేసే అడుగుల వరస, మాకు కంఠతా వచ్చింది. నేను ఎడమకాలితో ముందుకు, కుడికాలితో పక్కకు, మూడో లెక్కకు ఎడమకాలు చేర్చడం. తరువాత కుడికాలితో వెనక్కు, ఎడమకాలితో పక్కకు, ఆరో లెక్కకు కుడికాలు చేర్చడం. ఆవిడవి దీనికి అద్దంలో బొమ్మలాంటి అడుగులు. నోటితో చెప్పమంటే ఇద్దరం తప్పు లేకుండా చెబుతాం. సంగీతం పెట్టాక నాలుగైదు పెట్టెలు బాగానే సాగుతాయి. ఆ తరువాత నేను ముందుకు వెళ్ళే అడుగులో ఆవిడ కాలు తొక్కుతున్నాను. ఎప్పుడు తొక్కినా కుడికాలి బొటనవేలే. నిన్నటికి గోరు నల్లబడింది.

మాస్టారు మాటిమాటికీ ‘బరువు పూర్తిగా మార్చండి’ అంటారు. మార్చామనే మేము అనుకుంటున్నాం. అసలు బరువు మారిందో లేదో మనిషికి తెలిసేది ఎలా? మరో సంగతి కూడా చెప్పాలి. ఆవిడ చిన్నప్పుడు పదేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. తాళం విషయంలో ఆవిడ పొరపాటు పడదు.

ఎర్రగచ్చు | జూన్ 2, రాత్రి 10:15

మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ‘ఎప్పుడూ కుడికాలే’ అన్న మాట. చాలామంది కాళ్ళు తగులుతున్నాయని చెప్పి ఊరుకుంటారు. మీరు ఏ కాలో, ఏ అడుగులోనో గమనించారు.

మీరు ఎడమకాలితో ముందుకు వచ్చేటప్పుడు ఆవిడ కుడికాలు వెనక్కు వెళ్ళాలి. అది వెళ్ళాలంటే దాని మీద బరువు ఉండకూడదు. అంతకు ముందు అడుగు, అంటే ఆరో లెక్క, ఆవిడ ఎడమకాలిని కుడికాలి పక్కన చేర్చడం. పాదం చేరగానే బరువు కూడా ఎడమకాలి మీదకు రావాలి. అక్కడ సగం బరువు కుడివైపే ఉండిపోతే, మీరు బయలుదేరే సమయానికి ఆ కాలు నేలకు అతుక్కుని ఉంటుంది. మీ పాదం వచ్చి దాని మీద పడుతుంది.

పాదం చేరడం ఒకటి, బరువు చేరడం ఇంకొకటి. వాల్ట్జ్ నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమంది ఇబ్బంది పడేది ఈ తేడా దగ్గరే, అందులోనూ మూడో లెక్కలో, ఆరో లెక్కలో. పక్క అడుగులో కాళ్ళు దూరంగా ఉంటాయి కాబట్టి బరువు మారకపోతే ఒళ్ళే చెబుతుంది. రెండు కాళ్ళూ చేర్చి నిలబడ్డప్పుడు తేడా కంటికి కనబడదు, ఒంటికీ తెలియదు.

రేపు ఒక పని చేయండి. ఆరో లెక్క మీద సంగీతం ఆపి, ఆవిడను కుడిపాదం నేల నుంచి రెండంగుళాలు ఎత్తమనండి. నడుము కదలకుండా, భుజం వాలకుండా వెంటనే ఎత్తగలిగితే బరువు మారినట్టు. ఎత్తేముందు ఒళ్ళు ఎడమవైపు కొద్దిగా జరిగిందంటే, ఆ జరిగినంత బరువూ అప్పటిదాకా మారలేదన్నమాట.

బందరుకాలువ | జూన్ 3, ఉదయం 6:50

తెల్లవారుజామునే చేసి చూశాం. జరిగింది! బొటనవేలి వెడల్పు మాత్రమే జరిగింది, కానీ స్పష్టంగా జరిగింది. ఆవిడే ఆశ్చర్యపోయింది. ‘నేను పూర్తిగా ఎడమకాలి మీదే ఉన్నాననుకున్నాను’ అంది.

కాటా లెక్క | జూన్ 3, ఉదయం 8:05

నేను గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళుగా కాటా దగ్గర పని చేస్తున్నాను. నాట్యం గురించి నాకేమీ తెలియదు. మా అమ్మాయి నేర్చుకుంటోంది కాబట్టి ఇక్కడి చర్చలు చదువుతుంటాను. బరువు మాట వచ్చింది కాబట్టి నా కళ్ళ ముందు రోజూ జరిగేది చెబుతాను.

మా ముఠా కూలీలు నలభై కిలోలు దాటిన మిర్చి టిక్కీని, అంటే బస్తాను, వీపున వేసుకుని, వాలుగా వేసిన చెక్క మీదుగా లారీ ఎక్కుతారు. వాళ్ళ కాళ్ళు చూడండి. ముందు పాదం చెక్క మీద ఆనుతుంది. అరికాలు మొత్తం చెక్కను పట్టుకుంటుంది. ఆ తరువాతే మోకాలు, దాని మీదకు నడుము, దాని మీదకు టిక్కీ వస్తాయి. బరువంతా ముందుకాలి మీదకు చేరేదాకా వెనకకాలు లేవదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు పాదం, బరువు ఒకేసారి పడేస్తారు. చెక్క ఊగుతుంది, మనిషి తూలతాడు. పెద్ద కూలీలు వాళ్ళకు చెప్పేది ఒకటే మాట: ‘కాలు పెట్టు, తరువాత నువ్వు రా.’

మీ ఇంట్లో బరువు చూసుకునే యంత్రం ఉంటే, ఇంకొకటి పక్కింట్లో అడిగి తెచ్చుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క కాలు ఒక్కొక్క దాని మీద ఉంచండి. కాటా అబద్ధం చెప్పదు.

తరంగిణి | జూన్ 3, మధ్యాహ్నం 1:30

నేను కూచిపూడి నర్తకిని, పదహారేళ్ళుగా నేర్పిస్తున్నాను కూడా. గత మూడేళ్ళుగా బాల్‌రూమ్, అంటే వాల్ట్జ్ లాంటి జంట నాట్యాలు, నేర్చుకుంటున్నాను. మీ ఆవిడ ఇబ్బంది నాకు ఒంటితో తెలుసు. నాదీ అదే కథ.

మాకు అరమండిలో, అంటే మోకాళ్ళు బయటికి వంచి సగం కూర్చున్న భంగిమలో, ఉండటం నేర్పేటప్పుడు రెండు కాళ్ళ మీదా బరువు సమంగా ఉంచమని చెబుతారు. అడవు, అంటే ఒక అడుగుల వరస, ముగిసేసరికి సమపాదంలో, రెండు పాదాలూ చేర్చి, నిలుస్తాం. నృత్తాన్ని ముగించే తీర్మానం చివర రెండు పాదాలూ నేలను గట్టిగా పట్టుకుంటేనే ఆ ముగింపుకు నిండుదనం. పదేళ్ళు అలా చేసిన శరీరానికి, పాదాలు చేరిన ప్రతిచోటా బరువును రెండుగా పంచుకోవడం స్వభావమైపోతుంది. ఆవిడ చేస్తున్నది తప్పు కాదు. శరీరం ఒక భాష బాగా నేర్చుకుంది, ఇప్పుడు వేరే భాష మాట్లాడమంటున్నాం.

అయితే అదే కూచిపూడిలో దీనికి మందు కూడా ఉంది. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి కదలడం ఆవిడ నేర్చుకునే ఉంటారు. పళ్ళెం ముందుకు జరగాలంటే బరువు ఒక పాదం నుంచి ఇంకొక పాదానికి మారుతూనే ఉండాలి. రెండు పాదాల మీదా సమంగా మోపితే పళ్ళెం కదలదు. ‘పళ్ళెం మీద ఉన్నట్టు అనుకో’ అని చెప్పి చూడండి. నాకు ఆ ఒక్క ఊహ ఆరు నెలల సాధన చేసిన పని చేసింది.

పాదాల పేర్లు కూడా మనకు ఉన్నవే. నాట్యశాస్త్రం చెప్పిన పాదభేదాలు ఐదు: ఉద్ఘట్టితం, సమం, అగ్రతలసంచరం, అంచితం, కుంచితం. వాల్ట్జ్‌లో ముందుకు వేసే మొదటి అడుగుకు మడమ నేలను తాకి ముందుభాగం లేచి ఉంటుంది, అది అంచితానికి దగ్గర. రెండో అడుగులో మడమ లేచి పాదం ముందుభాగం మీద ఉంటాం, అది అగ్రతలసంచరానికి దగ్గర. మూడో అడుగు చివర మునివేళ్ళ మీద నుంచి మడమ కిందికి రావడం ఉద్ఘట్టితాన్ని గుర్తుకు తెస్తుంది. తేడా ఒక్కటే. మనం మడమతో నేలను తట్టి శబ్దం పలికిస్తాం, వాల్ట్జ్‌లో ఆ మడమ చప్పుడు లేకుండా దిగాలి. ఈ పోలిక చెప్పాక నా శిష్యురాళ్ళు ఒక్క రోజులో పట్టుకున్నారు.

బ్రాడీపేట లెక్చరర్ | జూన్ 3, సాయంత్రం 6:20

కాటా లెక్క గారి సలహా చాలా మంచిది. నేను భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి ఒక జాగ్రత్త జోడిస్తాను. రెండు యంత్రాల అంకెల మొత్తం మనిషి బరువుకు సమానంగా ఉండేది కదలకుండా నిలబడ్డప్పుడే. మునివేళ్ళ మీదకు లేవడం మొదలైన క్షణంలో మొత్తం ఎక్కువ చూపిస్తుంది, మోకాలు వంచి దిగడం మొదలైన క్షణంలో తక్కువ చూపిస్తుంది. లిఫ్టు కదిలేటప్పుడు మనకు తెలిసేదీ ఇదే. కాబట్టి అడుగు పూర్తి చేసి, ఆగి, అంకె చూడండి. వాటి మీద నాట్యం మాత్రం చేయకండి, జారిపడతారు.

ఒంటికాలి మీద నిలబడాలంటే శరీరపు గరిమనాభి, అంటే రమారమి బొడ్డుకు కాస్త దిగువన ఉండే చోటు, ఆ పాదానికి సరిగ్గా పైన ఉండాలి. కాళ్ళు చేర్చినప్పుడు అది జరగాల్సిన దూరం రెండు మూడు అంగుళాలే. ఎర్రగచ్చు గారు చెప్పినట్టు ఒంటికి తెలియకపోవడానికి కారణం ఇదే.

బందరుకాలువ | జూన్ 4, రాత్రి 8:55

రెండో యంత్రం కింది వాటాలో దొరికింది. ఆవిడ బరువు 58 కిలోలు. ముందు మొత్తం కుడికాలి మీద నిలబెట్టాను. తరువాత కళ్ళు మూసుకుని ఆరో లెక్క అనుకుంటూ ఎడమకాలిని పక్క యంత్రం మీదకు చేర్చమన్నాను. ‘అయిందా?’ అంటే ‘అయింది’ అంది. చూస్తే ఎడమవైపు 36, కుడివైపు 22.

ఆవిడ కళ్ళు తెరిచి ఆ 22ను చాలాసేపు చూసింది. తరువాత తనే మెల్లగా జరుగుతూ 22ను 15 చేసింది, 6 చేసింది, సున్నా చేసింది. సున్నాకు చేరినప్పుడు ‘ఇంత దూరమా!’ అంది. నిన్నటి నుంచి వంటింట్లో పప్పు కలుపుతూ కూడా అదే సాధన చేస్తోంది.

తరువాత నేను ఎక్కాను. నాదేమో ఆరో లెక్కకు 71 కిలోల్లో 69 కుడివైపు వచ్చింది. అంటే నా అడుగు సరిగానే ఉంది కదా? తప్పు పూర్తిగా ఆవిడదేనా?

ఎర్రగచ్చు | జూన్ 4, రాత్రి 9:30

కాదు, తొందరపడకండి. మీ బరువు మారింది, మంచిదే. కానీ మీరు బయలుదేరుతున్నారని ఆవిడకు ఎలా తెలుస్తోంది?

మూడో లెక్కకు, ఆరో లెక్కకు ఇద్దరూ మునివేళ్ళ మీద పైకి లేచి ఉంటారు. ఆ లెక్క చివర మడమ కిందికి దిగాలి, దాని వెంటే నిలబడ్డ కాలి మోకాలు కొద్దిగా వంగాలి. అప్పుడే తరువాతి అడుగు. చాలామంది మగవాళ్ళు ఈ దిగడాన్ని మింగేసి పై నుంచే నేరుగా కాలు చాపుతారు. చేతుల బంధంలో ఉన్న ఆడమనిషికి మీ పాదం కనబడదు. మీ ఛాతీ కిందికి దిగినప్పుడే ఆవిడ ఒంటికి కబురు అందుతుంది, ఆవిడ కాలు తుంటి నుంచి వెనక్కు సాగడానికి సమయం దొరుకుతుంది. మీరు దిగకుండా వెళితే, ఆవిడ బరువు ఎంత చక్కగా మార్చుకున్నా కాలు తీసేలోపు మీరు అక్కడ ఉంటారు.

ఇంకొకటి. ముందుకు వెళ్ళేటప్పుడు పాదాన్ని ముందుగా పంపి, శరీరాన్ని తరువాత లాక్కురాకండి. కాటా లెక్క గారి కూలీ మాట లారీ చెక్క మీద అక్షరాలా నిజం, అక్కడ మోసేది టిక్కీని. వాల్ట్జ్‌లో మాత్రం నిలబడ్డ కాలు నేలను నెట్టి శరీరాన్ని పంపుతుంది, పాదం దాని కిందకు వచ్చి అందుకుంటుంది. అడుగు మధ్యలో ఒక క్షణం బరువు ముందరి మడమకూ, వెనకటి పాదం ముందుభాగానికీ మధ్య సమంగా ఉంటుంది. ఆ క్షణాన్ని దాటవేయకుండా అనుభవించడం నేర్చుకోవాలి.

కాటా లెక్క | జూన్ 4, రాత్రి 10:05

అమ్మా, మీరన్నది సబబే. టిక్కీ మోసేవాడికి ఎదురుగా ఇంకొక మనిషి ఉండడు.

కొత్తపేట కుర్రాడు | జూన్ 5, ఉదయం 7:10

మేడం, చిన్న సందేహం. నేను రుంబా అనే ఇంకో జంట నాట్యం నేర్చుకుంటున్నాను. అక్కడ మడమ ముందు పెట్టవద్దు, పాదం ముందుభాగమే ముందు అంటున్నారు. ఇక్కడేమో మడమ అంటున్నారు. ఏది సరైనది?

ఎర్రగచ్చు | జూన్ 5, ఉదయం 7:45

రెండూ సరైనవే బాబూ, నాట్యాలు వేరు. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, టాంగోల్లో ముందుకు నడిచే అడుగు మడమతో మొదలవుతుంది. టాంగోలో లేవడం, దిగడం ఉండవు, మోకాళ్ళు మెత్తగా వంగే ఉంటాయి. రుంబాలో పాదం ముందుభాగం నేలను తాకి, తరువాత మడమ దిగి, కాలు నిటారుగా అయ్యాక బరువు దాని మీద స్థిరపడుతుంది. మీరు అడుగులు వేసేది 2, 3, 4 లెక్కల మీద. 1 మీద కొత్త అడుగు లేదు, తుంటి స్థిరపడుతుంది. తుంటిని వేరుగా తిప్పడానికి ప్రయత్నించకండి. బరువు పూర్తిగా ఆ కాలి మీద వాలితే తుంటి దానంతట అదే తిరుగుతుంది, వాలకపోతే ఎంత తిప్పినా నకిలీగానే కనబడుతుంది. కాబట్టి మీ పాఠమూ ఇదే.

పటమట ఫిజియో | జూన్ 5, మధ్యాహ్నం 2:15

మడమ గురించి ఒక వైద్య సలహా. మన ఇళ్ళలో నేల గ్రానైటు, మార్బుల్, టైల్సు. చెక్క నేలకు ఉండే మెత్తదనం వీటికి లేదు. మడమతో మొదలుపెట్టడమంటే మడమతో నేలను కొట్టడం కాదు, మడమ అంచును తాకించి పాదాన్ని ముందుకు దొర్లించడం. కొడితే ఆ అదురు మోకాలిదాకా, నడుముదాకా వెళుతుంది. మడమనొప్పితో నా దగ్గరకు వచ్చే నాట్య విద్యార్థుల్లో చాలామంది వట్టి కాళ్ళతో టైల్సు మీద సాధన చేసేవాళ్ళే.

మేజోళ్ళతో కూడా చేయకండి, మడమ తాకగానే జారుతుంది. బాల్‌రూమ్ బూట్లకు అడుగున స్వెడ్ అనే నూగు తోలు ఉంటుంది. అది జారాల్సినంత జారి, ఆగాల్సిన చోట ఆగుతుంది. అవి ఇంకా కొనకపోతే తోలు అడుగున్న పాత బూట్లు వాడండి. రబ్బరు అడుగు నేలను పట్టేస్తుంది, పాదం తిరగకుండా మోకాలు తిరుగుతుంది, అది ప్రమాదం.

యాభై దాటినవాళ్ళు రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం అలవాటు చేసుకోండి, పక్కనే గోడ ఉండాలి. తరువాత గోడకు వేలు ఆనించి ఒంటికాలి మడమను పదిసార్లు లేపండి. దిగేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ దిగండి. వాల్ట్జ్‌లో చప్పుడు లేకుండా దిగే బలం పిక్కల్లోంచే వస్తుంది.

తరంగిణి | జూన్ 5, రాత్రి 9:00

ఒక సంగతి మరిచాను. అరమండి అలవాటున్నవాళ్ళ పాదాలు బయటికి తిరిగి ఉంటాయి. వాల్ట్జ్‌లో రెండు పాదాలూ సమాంతరంగా, నేరుగా ముందుకు చూడాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో బాల్‌రూమ్ నాట్యాన్ని బాలే పాదాల నుంచి విడదీసి, మామూలు మనిషి నడక మీద నిలబెట్టారు. అక్కడి నాట్య గురువుల సంఘం 1904లోనే ఏర్పడింది. 1920ల్లో గురువులు అడుగులను ఒక పద్ధతిలో పెట్టారు. అందుకే వాల్ట్జ్ సాధనకు మొదటి మెట్టు నడకే. మీ ఆవిడ కుడి బొటనవేలు బయటికి తిరిగి ఉంటే మీ పాదం దారిలోకి అది తనంతట తానే వస్తుంది. అదీ చూడండి.

బందరుకాలువ | జూన్ 22, రాత్రి 8:30

ఆలస్యానికి మన్నించండి. అందరి మాటలూ ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించుకుని సాధన చేశాం. ఎండలకు జడిసి తెల్లవారి ఐదింటికే డాబా ఎక్కేవాళ్ళం.

మొదటి వారం సంగీతం పెట్టలేదు. నిమిషానికి అరవై లెక్కలు నోటితో చెప్పుకుంటూ, ప్రతి మూడో లెక్కకూ ఆరో లెక్కకూ ఆగి ఇద్దరం ఖాళీ పాదం ఎత్తి చూపించుకున్నాం. మొదటి రోజు ఇరవై పెట్టెల్లో ఆవిడ పాదం వెంటనే లేచింది ఏడింటిలోనే. ఆరో రోజుకు పద్దెనిమిది. పాదాలు బయటికి తిరుగుతున్నాయన్న మాటా నిజమే. గచ్చు మీద సుద్దతో రెండు గీతలు గీసి వాటి మధ్య నడిచింది.

నా తప్పు ఎర్రగచ్చు గారు చెప్పినదే. మా అబ్బాయి ఫోనులో వీడియో తీశాడు. ఆరో లెక్క చివర నేను దిగడమే లేదు, తల ఒకే ఎత్తులో ఉండి కాలు మాత్రం ముందుకు వెళ్ళిపోతోంది. ఎనిమిది నెలలుగా ఆవిడ వేలు నలిగిందంటే అందులో సగం నా వల్లే. ఆ రాత్రే ఆవిడకు ఆ మాట చెప్పాను.

దిగడం నేర్చుకోవడం అన్నిటికంటే కష్టమైంది. మడమ దిగాలి, మోకాలు మెత్తబడాలి, కానీ ఛాతీ కూలిపోకూడదు. మొన్న ఆదివారం ఉదయం, ఇంకా చీకటి ఉండగా, ఒక పెట్టె చివర నేను దిగాను. నా కుడిచెయ్యి ఆవిడ వీపు మీద ఉంది. నేను కాలు కదపక ముందే ఆ వీపు కింద ఆవిడ కాలు వెనక్కు సాగడం నా అరచేతికి తెలిసింది. నా పాదానికి అక్కడ ఖాళీ చోటు దొరికింది. ఇద్దరం ఏమీ అనుకోకుండా మరో పదకొండు పెట్టెలు చేశాం. ఆగాక ఆవిడ ‘మీరెప్పుడు బయలుదేరుతున్నారో ఇప్పుడు నాకు తెలుస్తోంది’ అంది.

ఎర్రగచ్చు | జూన్ 22, రాత్రి 9:10

చదివి చాలా సంతోషించాను. ఆ అరచేతికి తెలిసిందే మీరు ఇకమీదట వెతుక్కోవాల్సింది. సంగీతం వేగం ఒక్కసారిగా పెంచకండి. పోటీల్లో వాల్ట్జ్ నిమిషానికి 28 నుంచి 30 బార్లు (ఒక్కో బారుకు మూడు లెక్కలు), అంటే 84 నుంచి 90 లెక్కలు నడుస్తుంది. మీరు అరవై నుంచి వారానికి ఐదేసి పెంచుకుంటూ వెళ్ళండి. పాదం ఎత్తి చూపించే పరీక్ష తప్పిన రోజున మళ్ళీ ఐదు తగ్గించండి.

కాటా లెక్క | జూన్ 23, ఉదయం 6:30

గోరు ఎలా ఉందో చెప్పలేదు.

బందరుకాలువ | జూన్ 23, ఉదయం 6:55

కింది నుంచి కొత్త గోరు వస్తోందండీ. నల్లటిది కొద్దిగా పైకి జరిగింది. నిన్నటి నుంచి నాచురల్ టర్న్, అంటే కుడివైపు తిరుగుతూ వేసే అడుగులు, మొదలుపెట్టాం. అందులో నా కుడికాలు ఆవిడ రెండు పాదాల మధ్యకు వెళ్ళాలి, ఐదో అడుగులో తిరుగుడు ఎక్కువై ఆవిడ నా నుంచి దూరంగా వెళ్ళిపోతోంది. దాని గురించి ఈ సాయంత్రం విడిగా ఒక ప్రశ్న వేస్తాను, వీడియో కూడా పెడతాను.